స్పెయిన్‌లో చదివేవాళ్ళు: రాత్రి పదింటి భోజనం మీకు అలవాటయ్యిందా?

కోనసీమకుర్రాడు (వాలెన్సియా)

అందరికీ నమస్కారం. సెప్టెంబరులో మాస్టర్స్ కోసం వాలెన్సియా వచ్చాను. సంక్రాంతి రోజు ఇంటికి ఫోన్ చేస్తే మా నాన్నమ్మ ఎప్పటిలాగే "అన్నం తిన్నావా నాన్నా" అంది. ఇప్పుడే తిన్నానన్నాను. అక్కడ ఎనిమిదిన్నర కదా, రాత్రి భోజనం అనుకుంది. కాదు నాన్నమ్మా మధ్యాహ్నానిది, ఇక్కడ నాలుగే అయ్యింది అంటే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నాలుగింటికి మధ్యాహ్నమేంట్రా, కడుపులో పుండ్లు పడతాయి" అని ఫోన్ అమ్మ చేతిలో పెట్టేసింది.

వచ్చేముందు అందరూ భాష అని భయపెట్టారు, చలి అని భయపెట్టారు. నాకు చుక్కలు చూపించింది మాత్రం గడియారం. మొదటి వారం పన్నెండున్నరకే ఆకలేసి హోటల్‌కి వెళ్తే వంట ఒంటిగంటన్నర దాటాకే అన్నారు. సరే గదిలోనే వండుకుందాం, ఉల్లిపాయలు కొందాం అని రెండింటికి పోతే సందు చివర కూరగాయల కొట్టు షట్టర్ దించేసి ఉంది, మళ్ళీ తీసేది ఐదింటికే. మా పేటలో సూపర్ మార్కెట్ ఆదివారం తియ్యరని ఎవరూ చెప్పలేదు, ఆ రోజంతా అరటిపళ్ళూ బ్రెడ్డూ. రాత్రి ఎనిమిదికి తినేసి పడుకుందామంటే మా ఫ్లాట్‌లో మిగతా ముగ్గురూ తొమ్మిదిన్నరకి గిన్నెలు తీస్తారు, ఇక పదకొండున్నర దాకా కబుర్లు, గోడలేమో అట్టముక్కలు.

నా క్లాసులు మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి ఎనిమిది వరకు. పొద్దున పదిన్నరకి ఇక్కడ ఎస్మోర్సారెత్ అని ఒకటుంది, మూరెడు బ్రెడ్డులో ఆమ్లెట్టో మాంసమో కూరి పక్కన ఆలివ్ కాయలూ, వేయించిన వేరుశెనక్కాయలూ పెడతారు. తాపీ మేస్త్రీలూ ఆఫీసువాళ్ళూ అందరూ ఆ టైముకి పని ఆపి కూర్చుంటారు. అది తింటే మూడింటిదాకా ఆకలెయ్యదని నాకు అర్థమవడానికి రెండు నెలలు పట్టింది.

మీకెన్నాళ్ళు పట్టింది? నిద్ర, వంట, ఇంటికి ఫోన్లు ఎలా సర్దుకున్నారు?

మాడ్రిడ్‌మల్లి (మాడ్రిడ్, రెండో ఏడాది)

నాకు ఒక ఏడాది పట్టింది, ఇప్పుడు సెలవులకి వరంగల్ పోతే ఎనిమిదింటికి అన్నం పెడుతుంటే ఆకలైతలేదని మా అమ్మతో తిట్లు తింటున్నా.

దీనికొక కారణం ఉంది. మ్యాప్ చూడండి, స్పెయిన్ చాలావరకు లండన్ గీతకి పడమరనే ఉంటుంది, సూర్యుడి లెక్కన లండన్ టైమే ఉండాలి. 1940లో ఫ్రాంకో కాలంలో గడియారం గంట ముందుకి జరిపి బెర్లిన్ టైముకి కలిపారు, అది మళ్ళీ వెనక్కి రాలేదు. అందుకే జూన్‌లో మాడ్రిడ్‌లో పొద్దు గుంకేసరికి పావు తక్కువ పది అవుతుంది. బయట ఎండ ఉండగా రాత్రి భోజనం ఎట్లా చేస్తారు చెప్పండి? నేను కిటికీకి ఉండే పెర్సియానా, అదే ఆ రోలింగ్ షట్టర్, పూర్తిగా దించి పడుకోవడం నేర్చుకున్నాకే నా నిద్ర గాడిన పడ్డది.

ఇంకోటి, మధ్యాహ్నం బయట తినాల్సొస్తే మెనూ దెల్ దీయా అడగండి. మొదటి వంటకం, రెండో వంటకం, బ్రెడ్డు, తాగడానికి ఏదో ఒకటి, చివర పండో స్వీటో, అన్నీ కలిపి ఒకటే రేటు. రాత్రి అదే హోటల్‌లో అదే తిండికి జేబు ఖాళీ. ఇక్కడ పెద్ద భోజనం మధ్యాహ్నమే, రాత్రి తేలికగా తింటారు. నాన్నమ్మకి ఆ ముక్క చెప్పండి, కొంచెం శాంతిస్తుంది.

వచ్చేసెప్టెంబర్ (గుంటూరు)

అన్నా, అక్కా, నేను ఈ ఏడాది అప్లై చేస్తున్నా. మా కన్సల్టెన్సీ వాళ్ళు వారానికి 30 గంటలు పని చేసుకోవచ్చు, రూమూ తిండీ ఖర్చులన్నీ అందులోనే వెళ్ళిపోతాయి, ఇంటినుంచి రూపాయి అక్కర్లేదు అంటున్నారు. నిజమేనా? స్పానిష్ రాదు. కోర్సు ఇంగ్లీషులోనే.

పాతకాపు (బార్సిలోనా, ఆరేళ్ళుగా)

తమ్ముడూ, 30 గంటలన్నది నిజం. 2022లో రూలు మారాక చదువుకి అడ్డం రానంతవరకు స్టూడెంట్లు వారానికి 30 గంటలు చెయ్యొచ్చు. రెండో సగం మాత్రం నీకు అమ్ముతున్న కల. చెయ్యొచ్చు అనడానికీ దొరుకుతుంది అనడానికీ మధ్య స్పానిష్ అనే గోడ ఉంది. హోటల్‌లో ప్లేట్లు ఎత్తాలన్నా అవతలివాడు చెప్పింది అర్థమవ్వాలి కదా. నాకు మొదటి పని ఏడో నెలలో దొరికింది, అదీ శని ఆదివారాలు. ఏడాది ఖర్చు చేతిలో లేకుండా ఎవరూ రావద్దు. వీసాకి నెలకి 600 యూరోల చొప్పున చూపించమంటారు, ఆ 600తో బార్సిలోనాలో బతకొచ్చని దాని అర్థం కాదు. గది అద్దెకే చాలావరకు పోతుంది.

ఇక దిగాక చేయాల్సినవి. ఆరు నెలలు దాటి ఉండేవాళ్ళు వచ్చిన నెలరోజుల్లోపు తీయె కార్డుకి, అంటే విదేశీయులకిచ్చే గుర్తింపు కార్డుకి, అప్లై చెయ్యాలి. దానికి సీతా ప్రెవియా, అంటే ఆన్‌లైన్లో టైము బుక్ చేసుకోవడం. ఈ రెండు మాటలు ఇప్పుడే నోటికి పట్టించు, బ్యాంకు నుంచి పోలీస్ స్టేషన్ దాకా అదే అడుగుతారు. తత్కాల్ టికెట్‌కి కూర్చున్నట్టు కూర్చోవాలి, పొద్దునే ఖాళీలు కనబడతాయి, పేరు కొట్టేలోపు మాయం. మున్సిపాలిటీలో నీ అడ్రసు నమోదు చేయించుకోవాలి, దాన్ని ఎంపాద్రోనమియెంతో అంటారు, నాకది సరిగ్గా పలకడానికే మూడు నెలలు పట్టింది. గది తీసుకునేముందే ఆ అడ్రసు మీద నమోదు చెయ్యనిస్తారా అని ఇంటివాళ్ళని అడుగు. కొందరు ఒప్పుకోరు.

గది చూడకుండా డబ్బులు పంపకు. నేను ఇండియాలో ఉండగానే ఒక ఫ్లాట్ ఫోటోలు చూసి అడ్వాన్సు పంపాను. దిగాక ఆ అడ్రసుకి పోతే ఆ నంబరు ఇల్లే లేదు ఆ వీధిలో. పెట్టెలేసుకుని ఫుట్‌పాత్ మీద కూర్చుని ఏడ్చాను, సిగ్గేం లేదు చెప్పుకోవడానికి. మొదటి వారానికి హాస్టల్ బెడ్ బుక్ చేసుకుని, ఇక్కడే తిరిగి చూసి తీసుకో.

కోనసీమకుర్రాడు

పాతకాపు గారూ, కాగితాల మాట ఎత్తారు కాబట్టి ఇంటిపేరు గోల కూడా చెప్పాలి. ఇక్కడ ప్రతివాళ్ళకీ రెండు ఇంటిపేర్లు, మామూలుగా ముందు నాన్నది, తర్వాత అమ్మది. పెళ్ళైనా ఆడవాళ్ళ ఇంటిపేరు మారదు. యూనివర్సిటీ ఆన్‌లైన్ ఫారంలో రెండో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలితే ముందుకి కదలనివ్వలేదు. ఆఫీసులో కూర్చున్నావిడని అడిగితే మీ అమ్మగారి ఇంటిపేరు ఏంటి అంది. అమ్మ పుట్టింటి ఇంటిపేరు చెప్పాను, కానీ పాస్‌పోర్టులో అది లేదు, వద్దంది. చివరికి ఒక చుక్క పెట్టింది. నాలుగు నెలలుగా హాజరు పట్టీలో నా పేరు చివర ఆ చుక్క అలాగే ఉంది.

మా అమ్మకి ఈ సంగతి చెబితే మురిసిపోయింది. "అంటే అక్కడ మా పుట్టింటి పేరు కూడా మోస్తారా" అని రెండుసార్లు అడిగింది.

ప్రొఫెసర్లని సర్ అనడం మాన్పించడానికి మా ల్యాబ్‌లో పెద్ద యుద్ధమే జరిగింది. పేరు పెట్టి పిలవమంటారు. అరవై ఏళ్ళాయన్ని పేరు పెట్టి నువ్వు అనాలి! నేను ఇప్పటికీ ఆయన దగ్గరికి వెళ్ళి నిలబడతాను, ఆయనే చూసి పలకరించేదాకా.

లక్ష్మమ్మగారబ్బాయితల్లి (రాజమండ్రి)

నమస్తే అండీ. మీరంతా పిల్లలు, నేను అమ్మని, ఇక్కడ రాయొచ్చో లేదో. మా అబ్బాయి బిల్బావోలో చదువుతున్నాడు, అక్కడ ఎప్పుడు చూసినా వర్షమేనట. రోజూ ఏం తిన్నావురా అంటే పింఛోస్ తిన్నానంటాడు, నాకేమో పింఛనే గుర్తొస్తుంది. వీడియోలో చూస్తే బుగ్గలు పీక్కుపోయాయి. మేము శాకాహారులం. వీడు నిజంగా తింటున్నాడా, నన్ను మభ్యపెడుతున్నాడా? కాస్త చెప్పండి బాబూ.

మాడ్రిడ్‌మల్లి

ఆంటీ, రాయొచ్చు, రోజూ రాయండి. పింఛోస్ అంటే చిన్న బ్రెడ్డు ముక్క మీద ఏదో పెట్టి పుల్ల గుచ్చుతారు. మంచిగుంటాయి కానీ వాటితో కడుపు నింపాలంటే పర్సు చిరుగుతుంది, కాబట్టి మీవాడు గదిలో కూడా వండుకుంటున్నట్టే లెక్క, టెన్షన్ పడకండి.

శాకాహారం సంగతి మాత్రం జాగ్రత్త చెప్పాలి. ఇక్కడ మాంసం వద్దు అంటే చాలామందికి ఎర్ర మాంసం వద్దని అర్థం. నేను కార్నే, అంటే మాంసం, లేకుండా సలాడ్ అడిగితే పైన ట్యూనా చేప వేసి తెచ్చారు, ఇది చేప కదా అంటే అవును మాంసం కాదుగా అని ఆయనే ఆశ్చర్యపోయిండు. చిక్కుడు గింజల కూర అని తీసుకుంటే అడుగున హామోన్, అంటే ఉప్పేసి ఆరబెట్టిన పంది మాంసం, ముక్కలు. అందుకే మాంసం వద్దు, చేప వద్దు, హామోన్ వద్దు అని మూడూ విడివిడిగా చెప్పాలి. నమ్మకంగా తినేవి తోర్తీయా దె పతాతాస్, అంటే ఆలుగడ్డ ఆమ్లెట్టు, గుడ్డు తినేవాళ్ళకి. టమాటా రుద్దిన బ్రెడ్డు. ఇంకా పిమియెంతోస్ దె పాద్రోన్, చిన్న పచ్చి మిరపకాయలు నూనెలో వేయించి రాతి ఉప్పు చల్లుతారు. కొన్ని మండుతాయి కొన్ని మండవు అని వాళ్ళకొక సామెత కూడా ఉంది. నేనైతే డబ్బాలో పెట్టుకొచ్చి పెరుగన్నంలో నంజుకుంటా. పదింటిలో ఒకటి మండితే దానికే స్పెయిన్ వాళ్ళు నీళ్ళు తాగుతారు, మనకి నవ్వొస్తది.

మాడ్రిడ్‌లో అయితే లావాపియెస్‌లో బంగ్లాదేశ్ వాళ్ళ కొట్లలో కందిపప్పు, కొత్తిమీర, సన్న పచ్చిమిర్చి అన్నీ దొరుకుతాయి. చింతపండు లాటిన్ అమెరికా వాళ్ళ కొట్లో. ఆ కొట్లోనే ఒక నిధి దొరికింది నాకు, రేపు రాస్తా, ఇప్పుడు మెట్రో దిగాలి.

రాళ్ళసీమ (సాలమాంకా)

నేను రాసేది తిండి గురించి కాదు గానీ ఇక్కడే చెప్పాలనిపించింది.

సాలమాంకా 1218లో మొదలైన యూనివర్సిటీ ఉన్న ఊరు. రాతి గోడ మీద పుర్రె, దాని మీద కూర్చున్న కప్ప బొమ్మ వెతికి పట్టుకుంటే పరీక్ష పాసవుతారంటారు, నేను పట్టుకున్నా, ఒక సబ్జెక్టు పోయింది. పదికి ఐదొస్తే పాసు, నాకు నాలుగున్నర.

నేను ఒక డెబ్బై దాటిన ఆవిడ ఇంట్లో గది తీసుకున్నా. ఎక్కడినుంచి అంటే హైదరాబాద్ దగ్గర అనేవాణ్ణి, మన ఊరి పేరు ఎవరికి తెలుస్తుందిలే అని. ఆవిడ మళ్ళీ మళ్ళీ అడిగితే అనంతపురం జిల్లా అన్నా. చేతిలో కాఫీ కప్పు కింద పెట్టేసింది. "అనంతపూర్!" అంది, మనకంటే స్పష్టంగా. లోపలికి పోయి ఒక రేకు బిస్కెట్ డబ్బా తెచ్చింది. దాన్నిండా ఉత్తరాలు, ఫోటోలు. విసెంతే ఫెర్రెర్ సంస్థ ద్వారా ఆవిడ, ఆవిడ భర్త మా జిల్లాలో ఒక అమ్మాయి చదువుకి ఏళ్ళ తరబడి నెల నెలా డబ్బు కట్టారంట.

ఫెర్రెర్ బార్సిలోనాలో పుట్టినాయన. 1969లో అనంతపురం వచ్చి 2009లో అక్కడే కన్ను మూశాడు. మా చెల్లెలు పుట్టింది వాళ్ళ బత్తలపల్లి ఆసుపత్రిలోనే. కానీ స్పెయిన్‌లో మామూలు ఇళ్ళల్లో మా ఊరి పేరు ఇంతమందికి తెలుసని నాకు ఇక్కడికొచ్చేదాకా తెలీదు. సాలమాంకాలోనే తర్వాత మరో ముగ్గురు తగిలారు. హైదరాబాద్ ఎక్కడో వాళ్ళకి తెలీదు, అనంతపురం తెలుసు.

ఆవిడ దగ్గర ఉత్తరాలకి స్పానిష్ అనువాదం ఉంది గానీ, వెనక తెలుగు కాగితం కూడా దాచుకుంది. చదివి వినిపించమంది. "ఈ ఏడు వానలు రాలేదు, శెనక్కాయ పంట పోయింది, నేను ఆరో తరగతి పాసయినాను." అంతే ఉంది. అర్థం ఆవిడకి ముందే తెలుసు, ఆ అక్షరాలు ఎలా వినబడతాయో వినాలని. నాలుగుసార్లు చదివించుకుంది. అప్పటినుంచి నా అద్దె పెరగలేదు, పొద్దున మైనస్ నాలుగు ఉంటే నా తలుపు ముందు హీటర్ పెట్టి పోతుంది.

కోనసీమకుర్రాడు

రాళ్ళసీమ అన్నా, ఇది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

నాది చిన్న ముచ్చట. వాలెన్సియాకి దక్షిణాన ఆల్బుఫేరా అని పెద్ద మంచినీటి సరస్సు, చుట్టూ వరిచేలు. అక్టోబర్‌లో ఒక ఆదివారం సిటీ బస్సెక్కి ఎల్ పల్మార్ అనే ఊళ్ళో దిగాను. కోత అయిపోయింది, మొదళ్ళు మిగిలిన మళ్ళలో నీళ్ళు, కొంగలు, గట్టు మీద సన్నటి దారి, దూరంగా కాలవలో పడవ. అమలాపురం బస్సు ఎక్కితే కనిపించేదే ఇది, కొబ్బరిచెట్లే తక్కువ. ఒకాయన గట్టు మీద నిలబడి ఉంటే వచ్చీరాని స్పానిష్‌లో మాదీ వరి ఊరే అన్నాను. ఎన్ని పంటలు అన్నాడు. రెండు అన్నాను. ఆయన నమ్మలేదు, వాళ్ళకి ఒక్కటే, మే నెలలో వేసి సెప్టెంబరులో కోస్తారు.

ఆ బియ్యంతోనే పాయెల్లా. గుండ్రంగా పొట్టిగా ఉంటుంది గింజ, పులుసంతా పీల్చేసుకుంటుంది. దాంతో మన అన్నం వండబోతే ముద్ద. కానీ పాయెల్లా పెనం అడుగున అంటుకున్న మాడు కోసం, సొకర్రాత్ అంటారు దాన్ని, ఇంట్లో అందరూ చెంచాలతో కొట్టుకుంటారు. మా నాన్నమ్మ మాడు అన్నం తనకే పెట్టుకునేది, మాకెవరికీ ఇచ్చేది కాదు, త్యాగం అనుకున్నా ఇన్నాళ్ళూ.

పాతకాపు

ఒక మాట చెప్తా, కోపం తెచ్చుకోకండి. ఇక్కడ రాసినవాళ్ళు బయట మనుషులతో కలిసినవాళ్ళు. నేను చూసినవాళ్ళలో సగంమంది ఐదుగురు మనవాళ్ళే ఒక ఫ్లాట్ తీసుకుని, మనవే సినిమాలు చూసి, రెండేళ్ళ తర్వాత కూడా ఓలా (హలో), గ్రాసియాస్ (థాంక్స్) దగ్గరే ఉన్నారు. తర్వాత ఉద్యోగం లేదని ఏడుపు. బార్సిలోనాలో అయితే పైగా అక్కడి సొంత భాష కతలాన్ కూడా ఉంది.

మాడ్రిడ్‌మల్లి

అన్నా, ఐదుగురు కలిసుంటే అద్దె తగ్గుతుంది, జ్వరమొస్తే జావ కాచేవాళ్ళుంటారు. మీరు ఆరేళ్ళ తర్వాత మరిచిపోయిండ్రు. నేనూ మనోళ్ళతోనే ఉంటున్నా, స్పానిష్ వచ్చింది. కింది ఇంటి ముసలావిడ పుణ్యం.

2025 ఏప్రిల్ 28 గుర్తుందా, సోమవారం మధ్యాహ్నం పన్నెండున్నరకి దీవులు తప్ప దాదాపు దేశమంతా కరెంటు పోయింది, పోర్చుగల్‌తో సహా. మెట్రో ఆగింది, సిగ్నళ్ళు లేవు, ఫోన్లు పోయాయి. యూనివర్సిటీ నుంచి రెండు గంటలు నడిచి ఇంటికొచ్చిన. కార్డు పనిచెయ్యదు, బీసూమ్ పనిచెయ్యదు (వచ్చేసెప్టెంబర్ తమ్ముడూ, బీసూమ్ అంటే ఇక్కడి ఫోన్‌పే అనుకో, ఇక్కడి బ్యాంకు ఖాతా ఉంటేనే), చేతిలో నోట్లున్నవాడే రాజు. జనం రేడియోల చుట్టూ మూగిండ్రు. మాకు కరెంటు పోవడం కొత్తనా? మేము నలుగురం మెట్ల మీద కూర్చుని పాటలు పాడుతుంటే పక్కింటోళ్ళు వింతగా చూసిండ్రు. మా పొయ్యి కరెంటుది, వండలేం. కింది ముసలావిడ ఇంట్లో మాత్రం నారింజ రంగు బ్యూటేన్ సిలిండర్ ఉంది, అచ్చం మన ఇంటి బండలాగా, కొంచెం చిన్నది. ఆమె స్టవ్ ఇచ్చింది, మేము బియ్యం, పప్పు తీసుకుపోయినం. కొవ్వొత్తి పెట్టి పప్పన్నం తిన్నం, టైము ఎనిమిది. ఆవిడ "ఇంత తొందరగానా" అంది. కరెంటు పదిన్నర దాటినంక వచ్చింది, బిల్డింగంతా చప్పట్లు. అప్పటినుంచి రోజూ సాయంత్రం ఆమె దగ్గర అరగంట కూర్చుంటా, అదే నా స్పానిష్ క్లాసు.

రాళ్ళసీమ

భాష భయపడేంత లేదు తమ్ముళ్ళూ. త, ద, ప, క అచ్చం మనవే, ఇంగ్లీషులో లాగా గాలి ఊది పలకక్కర్లేదు. పెర్రో అంటే కుక్క, మన గుర్రంలో ఉన్న ర్ర వేస్తే చాలు, మా క్లాసులో ఇంగ్లండ్ పిల్లలు దానికి వారం రోజులు గార్గిలింగ్ చేశారు. పదాలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి. క్రియలతోనే చావు.

వచ్చేసెప్టెంబర్

అందరికీ థాంక్స్. కన్సల్టెన్సీకి ఫోన్ చేసి 30 గంటల పని ఎక్కడ దొరుకుతుందో రాసిమ్మన్నా. తర్వాత చేస్తామన్నారు, ఐదు రోజులైంది. ఈలోగా స్పానిష్ క్లాసులో చేరిపోయా. మల్లి అక్కా, ఆ నిధి ఏంటి?

మాడ్రిడ్‌మల్లి

అయ్యో మరిచిపోయిన! ఫ్లోర్ దె హమాయికా. మెక్సికో వాళ్ళు షర్బత్ కాచుకునే ఎండు పూలు, ముదురు ఎరుపు. నోట్లో వేసుకుంటే పుంటికూర, అదే మీ గోంగూర! నిజంగానే అది పుంటికూర మొక్కదే, కాయ చుట్టూ ఉండే ఎర్ర తొక్కలు. గుప్పెడు వేడినీళ్ళలో పావుగంట నానబెట్టండి, పిండి, నూనెలో మెత్తగా మగ్గించండి, వేయించిన ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉప్పు వేసి నూరి పోపు పెట్టండి. కొంచెం బెల్లం వేస్తే పులుపు దిగుతుంది. ఆకు పచ్చడంత జిగురు రాదు గానీ కళ్ళు మూసుకుంటే వరంగల్.

లక్ష్మమ్మగారబ్బాయితల్లి

మల్లి తల్లీ, నువ్వు చెప్పింది కాగితం మీద రాసి ఫోటో తీసి మావాడికి పంపాను. నిన్న ఆదివారం చేశాడు. ఫోన్ పెట్టి చూపించాడు, కుంకుమలా ఉంది ఆ రంగు. వాడి గదిలో ఉండే ఇటలీ అబ్బాయి బ్రెడ్డు మీద రాసుకుని తిన్నాడట, ఇంకా కావాలన్నాడట. మరి అన్నంలో నెయ్యి వేసుకున్నావురా అంటే నెయ్యి లేదమ్మా, ఆలివ్ నూనె పోసుకున్నా అన్నాడు. ఆలివ్ నూనె పోపుకి పనికొస్తుందా, కంపు కొడుతుందా? అది కూడా చెప్పండి.